మా అవ్వ రాయించిన పుస్తకాలు

(శతజయంతి సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట మేము వద్దనే అన్నాం. శతజయంతి అంటే పునాదిరాళ్ళు వేసినవారినీ, బడులూ ఆసుపత్రులూ కట్టినవారినీ తలచుకునే సందర్భం. మా అవ్వ ఏ రాయీ వేయలేదు. ఏ కమిటీలోనూ కూర్చోలేదు. సంఘం పాత రిజిస్టర్లు తిరగేస్తే ఆమె పేరు మూడు చోట్ల కనబడింది. బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన. అందులో మొదటిచోట పేరు తప్పుగా రాశారు. ఈ మాటే కార్యదర్శి గారితో చెబితే, "మీ అవ్వ చేతిలో పుట్టినవాళ్ళు మన సంఘంలో ఎంతమందో లెక్కపెట్టి, ఆ తర్వాత వద్దనండి" అన్నారు. కాదనలేక వచ్చాం.

మేము అంటే ఆరుగురం, ఒక మనిషికి మనుమలం, మనుమరాండ్రం. మా ప్రాంతంలో తల్లి తల్లినీ, తండ్రి తల్లినీ అవ్వ అనే పిలుస్తాం గనుక మాకు పిలుపులో తేడా లేదు. ఆరుగురం కూర్చుని ఇది రాసుకున్నాం, ఒకరం చదువుతున్నాం. రాసేటప్పుడు మాలో మాకు తగాదాలు వచ్చాయి. తీరినవి కొన్ని, తీరనివి కొన్ని. తీరనివాటిని తీరినట్టు చెప్పబోము.

అవ్వకు తన పుట్టినరోజు తెలియదు. సంవత్సరం మాత్రం తెలుసు. "జిల్లా పుట్టినప్పుడు నేనూ పుట్టినా" అనేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అవ్వ పుట్టిల్లు చిత్తూరికి అవతల, ఉత్తర ఆర్కాటు సరిహద్దులో చిన్న పల్లె. 1918 విషజ్వరంలో తల్లి పోయింది. అప్పటికి అవ్వకు ఏడేళ్ళు. ఆ తర్వాత పశువుల వెంట తిరగడమే గాని పలకా బలపం పట్టలేదు. వేలూరు నుంచి డాక్టరు ఐడా స్కడ్డర్ దొరసాని గారు గుడియాత్తం దారిలో వారానికొకసారి మోటారులో వచ్చి, చెట్ల కింద ఆగి రోగులను చూసేవారని మీలో చాలామంది వినే ఉంటారు. ఆ మోటారు వెనకాల దుమ్ములో పరుగెత్తిన పిల్లల్లో మా అవ్వ ఒకతె. దొరసాని మొహం గుర్తులేదు గాని, ఆమె చేతులు కడుక్కోవడం గుర్తుందని చెప్పేది. "ఒక్కొక్క మనిషిని చూసినంకా చేతులు కడిగేది. అన్ని నీళ్ళు యాడివా అని అనుకునేదాన్ని."

పదిహేనేళ్ళకు పెళ్ళయి తిరుపతి వచ్చింది. నేటి తిరుపతి చూసినవారికి ఆనాటి అలిపిరిని చెప్పడం కష్టం. తిరుమల కొండ పాదం అది. మెట్లదారి అక్కడే మొదలవుతుంది, పైకి మూడున్నర వేలకు పైచిలుకు మెట్లు. ఊరికీ కొండకూ మధ్య రాళ్ళు, సీతాఫలం చెట్లు, చీకటి పడితే భయం. కొండమీదికి మోటారు దారి లేని రోజులు. యాత్రికులు నడవాలి, నడవలేనివాళ్ళు డోలీ ఎక్కాలి. ఆ దోవ పక్కన ఒక బోదకొట్టంలో మా తాత, అవ్వ కాపురం పెట్టారు. ఘాట్ రోడ్డు పని మొదలైనప్పుడు తాత కంకర కొట్టే కూలికి పోయాడు. 1944లో ఆ రోడ్డు తెరిచారు. దాంతో డోలీలు మోసేవాళ్ళలో చాలామందికి కూలి తగ్గిపోయింది, మా తాతకూ పని అయిపోయింది. తాత గురించి చెప్పాలంటే ఇంకొక సభ కావాలి. ఇక్కడ ఒక్క మాట. అవ్వ అర్ధరాత్రి ఎవరి వెంటనో లేచిపోతుంటే ఆయన ఏనాడూ అడ్డం పడలేదు, లాంతరు ముట్టించి ఇచ్చేవాడు.

మా ముత్తవ్వ, అంటే అవ్వకు అత్త, మంత్రసాని. అవ్వ ఆ పని ఆమె పక్కన కూర్చునే నేర్చుకుంది. మంత్రసాని పని అంటే ఏమిటో ఇక్కడి పెద్దవాళ్ళకు తెలుసు, చిన్నవాళ్ళ కోసం చెబుతాం. నొప్పులు వచ్చినప్పుడు పిలుపు వస్తుంది. పెద్దిళ్ళకు పెరటి వాకిలి గుండా పోవాలి. బిడ్డను పట్టాలి, బొడ్డు కోయాలి, మాయను పూడ్చాలి, పురిటి గుడ్డలు ఉతకాలి. మూడో రోజో అయిదో రోజో చాటెడు వడ్లు, ఒక పాత చీర ఇస్తారు. ఆమె కూర్చున్న చోట పేడతో అలికి నీళ్ళు చల్లుతారు. బిడ్డను మొదట ముట్టుకున్న చెయ్యి ఆమెదే, ఆ తర్వాత ముట్టుకోకూడని చెయ్యీ ఆమెదే. అవ్వ దీని గురించి కోపంగా మాట్లాడింది మేము వినలేదు. మాకు మాత్రం కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

అవ్వ అయిదుగురిని కన్నది. ఇద్దరు పసికందులుగానే పోయారు. అందులో ఒకడు పుట్టిన ఏడో రోజున దవడలు బిగుసుకుని, పాలు పట్టలేక, వెన్ను విల్లులాగా వంగి పోయాడు. గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. మిగిలినవాళ్ళు పెద్దత్త, మా నాన్న, చిన్నత్త. ఇప్పుడు చెప్పే పెద్దత్త మాలో ఇద్దరికి అమ్మ, ముగ్గురికి మేనత్త, ఒకడికి పెద్దమ్మ. ఇక్కడ అందరి తరఫునా పెద్దత్త అనే అంటాం.

ఇక 1954. ఆ సెప్టెంబరులోనే తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. ఊరంతా ఆ సంబరంలో ఉంది. చిన్నత్త మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, పంతొమ్మిదేళ్ళది. నవంబరు వానలు. సాయంత్రం దీపాలవేళకు మగబిడ్డ పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. మాయ పడలేదు. రక్తం ఆగలేదు. "అమ్మా, ఆసుపత్రికి తీసుకపోదాం" అని పెద్దత్త రెండుసార్లు అన్నది. అవ్వ అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తూ ఉంది. అలాంటివి చూసింది, అలాంటివి దాటించింది. "ఇంకొంచెం చూద్దాం" అన్నది. మూడోసారి పెద్దత్త అడగలేదు, తానే వానలో జట్కా కోసం పరుగెత్తింది. జట్కా వచ్చింది. చిన్నత్తను ఎక్కించారు. ఆసుపత్రి కనబడకముందే ప్రాణం పోయింది. కాన్పు తర్వాత అలా రక్తం పోతే రెండు గంటల్లో తల్లి చేజారిపోవచ్చునని ఈనాడు నర్సు చదివే పిల్లలకు మొదటి పాఠాల్లోనే చెబుతారు. ఆ రాత్రి మా కొట్టంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇది చెప్పాలా వద్దా అన్నదే మా తగాదాల్లో పెద్దది. చనిపోయిన ముసలామెను సభలో నిలబెట్టి తప్పు చూపినట్టవుతుందని మాలో ఇద్దరం అన్నాం. చెప్పాలని పట్టుబట్టినవాడు ఆ రాత్రి పుట్టిన బిడ్డే. ఇప్పుడు డెబ్భై దాటినవాడు, మాలో ఒకడు, ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు అవ్వ ఎవరింటికీ పోలేదు. పిలిచినా పోలేదు. చేతులు చూసుకుంటూ కూర్చునేదని మా నాన్న చెప్పేవాడు. అయిదో నెలలో మళ్ళీ లేచింది. లేచిన మనిషి వేరు. కాళ్ళు వాచినా, ముందుగా నెత్తురు కనబడినా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని చూలాలు చెప్పినా, పొద్దున వచ్చిన నొప్పులు రేపటి పొద్దుకు తేలకపోయినా, "బండి కట్టండి" అనేది. నవ్వినవాళ్ళున్నారు. "మంత్రసానికి చెయ్యి చల్లబడింది, భయం పట్టుకుంది" అన్నవాళ్ళున్నారు. "అవును, భయమే" అని ఒప్పుకునేది. ఎవరైనా ఆమె ముందు ఇంకొంచెం చూద్దామంటే చాలు, ఆ ఇంట్లో నిలబడేది కాదు, తానే వీధిలోకి పోయి బండిని పిలిచేది.

బండి పిలవాలంటే డబ్బు కావాలి గదా. ఇక్కడే మన స్త్రీల సమాజపు కథ వస్తుంది. పిడికెడు బియ్యం గురించి మీకు చెప్పనక్కరలేదు. పొయ్యిమీద ఎసరు పెట్టేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికొకసారి కుండలన్నీ గుడికి చేరతాయి. అమ్మిన డబ్బు సంఘానికి. తామూ అర్ధాకలితో ఉన్న ఇళ్ళు ఆ పిడికెడు తీసేవి. ఆ రోజుల్లో ఒక సంఘంలో, పేరు అక్కరలేదు, ఆ సొమ్మంతా గుడి గంట కోసం కూడబెడుతున్నారు. అవ్వ పోయి, అందులో నాలుగో వంతు ఆసుపత్రికి పోయే చూలాళ్ళ బండి కూలికి, కష్టమైన కాన్పులకు వేలూరు పోయే రైలు చార్జీకి పక్కన పెట్టమని అడిగింది. పెద్దలు ఒప్పుకోలేదు. దేవుని సొమ్మును బండ్లవాళ్ళకు పంచుతామా అన్నారు. అవ్వ వాకిట్లో నిలబడి, "గంట మోగితే వచ్చేదానికి మనుషులు ఉండాల గదయ్యా" అన్నదట. లోపల ఎవరో నవ్వారట, ఎవరో గదమాయించారట. ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆమె ఆదివారం ఆదివారం అదే వాకిట్లో నిలబడింది, తిట్టలేదు, పోట్లాడలేదు, నిలబడింది. చివరకు నాలుగో వంతు వచ్చింది. గంట కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైనందువల్ల దాని మోతలో మాకేమీ తేడా తెలియలేదు.

ఆనాటి తిరుపతి రైలు మీటరు గేజిది. చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయేది. కాట్పాడి దిగితే వేలూరు. ఐడా స్కడ్డర్ గారు 1900లో ఒక గదిలో మొదలుపెట్టిన వైద్యం, 1902లో 40 పడకల ఆసుపత్రి అయింది, 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల అయింది. అంతకుముందు, ఆమె చదువు ముగించి తల్లిదండ్రుల దగ్గరకు వచ్చి ఉన్నప్పుడు, తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు తమ భార్యల కాన్పుకు రమ్మని ఆమెను పిలిచారు. తనకు వైద్యం రాదు, నాన్న డాక్టరు, ఆయనను తీసుకపొమ్మన్నది. మగ డాక్టరును లోపలికి రానివ్వమన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. ఆ రాత్రే ఆమెను డాక్టరును చేసింది. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచిందీ ఆడవాళ్ళు మగ వైద్యుని దగ్గరకు రాని ఆ కాలంలోనే. ఈ గొప్పవారి ఫోటోలు మన సంచికల్లో వేసుకోవడం న్యాయమే. మా మనవి ఒకటే. ఆసుపత్రి తలుపు వేలూరులో ఉంది, చూలాలు అలిపిరి కొట్టంలో ఉంది. ఆ మధ్య దూరం ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఆ నడిపించినవాళ్ళ ఫోటోలు లేవు. మా అవ్వదీ ఒక్కటే ఉంది, ఓటరు కార్డు మీదిది. అందులో కళ్ళు మూసుకుని ఉంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం సానిటోరియం సంగతి కూడా ఒక మాట. క్షయకు మందులు సరిగా రాని కాలంలో అక్కడికి పోయిన తల్లులు నెలల తరబడి అక్కడే ఉండాలి. వాళ్ళ పిల్లలు? కొందరు మా ఇంట్లో ఉండేవారు. మేము ఆరుగురం ఒక వరసగా సంగటికి కూర్చుంటే, పక్కన ఇద్దరో ముగ్గురో తెలియని పిల్లలు కూర్చునేవారు. ఈ రోజు ఎన్ని ముద్దలు చేయాలో మా అమ్మకు పొయ్యి దగ్గర కూర్చునేదాకా తెలిసేది కాదు. అవ్వ పిల్లలను తెచ్చేది, వండి పెట్టింది మా అమ్మ. ఈ సభలో ఆ పేరు కూడా ఎవరూ అడగలేదు గనుక మేమే చెబుతున్నాం, ఆ సంగటి కెలికిన చేతులు కోడలివి.

1963లో సర్కారువారు మంత్రసానులకు శిక్షణ అని పిలిచారు. నెలరోజులు. అవ్వకు అప్పటికి యాభై దాటాయి. నర్సమ్మ చెప్పేది, వీళ్ళు వరసగా కూర్చుని వినేవారు. ఒకనాడు ధనుర్వాతం గురించి చెప్పింది. కొడవలితో, తుప్పుపట్టిన చాకుతో బొడ్డు కోసినా, కోసినచోట బూడిదో పేడో అద్దినా, మట్టిలోని క్రిమి లోపలికి పోతుంది, వారం తిరిగేసరికి బిడ్డ దవడలు బిగుస్తాయి, బ్లేడును నీళ్ళలో బాగా మరగబెడితే ఇది రాదు అని చెప్పింది. అవ్వ ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు. తన బిడ్డకు సోకింది గాలి కాదు, దిష్టి కాదు అని ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది. మరునాడు శిక్షణకు అందరికంటే ముందు పోయింది. శిక్షణ అయ్యాక ఒక పెట్టె ఇచ్చారు. కత్తెర, దారం, సబ్బు, గోళ్ళు రుద్దుకునే బ్రష్షు. ఆ బ్రష్షు మమ్మల్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. దొరసాని అన్ని నీళ్ళు ఎందుకు వాడిందో ఇప్పుడు తెలిసిందని అన్నది.

శిక్షణలో ఇంకొక నిబంధన పెట్టారు. ప్రతి కాన్పునూ రాసి నెలకొకసారి చెప్పాలి. అవ్వకు రాత రాదు. మేమున్నాం. మాలో పెద్దవాడికి అప్పుడు పన్నెండేళ్ళు. అలా మొదలయ్యాయి ఈ పుస్తకాలు. మొత్తం మూడు. రెండు బడి నోటు పుస్తకాలు, ఒకటి దుకాణం పద్దు పుస్తకం. తెల్లవారుజామున ఆమె వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎవరు మెలకువగా ఉంటే వాళ్ళను, "రాయి అబ్బోడా" అనేది. తేదీ, వీధి, తల్లి పేరు, ఆడా మగా, ఏడ్చిందా లేదా. ఇంతే. తేదీ దగ్గర తంటా వచ్చేది. అవ్వ కాలం రెండు పంచాంగాల మీద నడిచేది. "మట్టల ఆదివారానికి ముందురోజు" అని ఒకటి, "కొండమీద గరుడ సేవ నాటి రాత్రి" అని ఇంకొకటి. మేము కాలెండరు చూసి తేదీ వేసుకోవాలి. అక్షరాల తప్పులకు లెక్కలేదు. ఒక పేజీలో ఒకే తల్లి పేరు మూడు రకాలుగా ఉంది. మాలో ఒకరు విసుగుపుట్టి పక్కన కోడిపుంజు బొమ్మ కూడా వేశారు. ఎవరన్నది ఈ సభలో చెప్పం.

బిడ్డ పోయినా రాయించేది, తల్లి పోయినా రాయించేది. రాయకపోతే ఏమవుతుంది, నెలాఖరున ఎవరూ అడగరు గదా అని ఒకసారి మేమంటే, "ఉన్నిందా లేదా?" అని అడిగింది. ఉన్నింది. "అయితే రాయి."

గరుడ సేవ అంటే ఒకటి చెప్పాలి. 1968 నాటి పేజీలో ఇలా ఉంది. "గరుడ సేవ. మెట్ల దగ్గర. తల్లి కన్నడం. ఆడబిడ్డ. ఏడ్చింది." యాత్రికుల రద్దీలో మెట్లెక్కుతున్న ఒక నిండు చూలాలికి నొప్పులు వచ్చాయి. ఎవరో పరుగెత్తి వచ్చి అవ్వను పిలిచారు. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుంటే, ఆ మండపం మూలలోనే కాన్పయింది. ఆ మనుషులు మరుసటి ఏడు బిడ్డను ఎత్తుకుని, వెతుక్కుంటూ మా కొట్టానికి వచ్చారు, చేతిలో కొండమీది లడ్డుతో. అవ్వ తీసుకుంది. మావైపు వాళ్ళు కొందరు తప్పుపట్టారు, క్రైస్తవురాలు ప్రసాదం ఎట్లా తీసుకుంటుంది అని. "వాళ్ళు బిడ్డను చూపించను వచ్చినారు. మీరు లడ్డును చూస్తా ఉండారే" అన్నది. ఆ లడ్డు ఆమె తిన్నదా అని మీరు అడగవచ్చు. మేము తిన్నాం. ఆ ప్రశ్న అంతటితో తీరిపోయింది.

ఇక పెద్దత్త మాట. ఇది చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. అవ్వ రాత్రిళ్ళు పోతే, ఇల్లు పెద్దత్త మీద పడేది. తొమ్మిదేళ్ళకే పొయ్యి ముట్టించింది. చదువు మూడో తరగతితో ఆగింది. చిన్నత్తను చంకన వేసుకుని పెంచింది తానే. ఆ చిన్నత్తే చేతుల్లో పోయింది. తల్లీకూతుళ్ళు ఒకే వీధిలో నలభై అయిదేళ్ళు ఉన్నారు, ఒకరికొకరు జ్వరం వస్తే కషాయం కాచి పంపుకున్నారు, ఆ రాత్రి గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడుకోలేదు. 1999లో అవ్వ పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో వరసగా అందరూ లేచి, ఊరికంతా తల్లి, వందల మందికి తల్లి అని చెబుతున్నారు. అయ్యగారు పెద్దత్తను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె లేచి, "ఊరికంతా అమ్మే. మాకు కొంచెం తక్కువైంది" అని కూర్చుంది. కూడికలో ఎవరికీ ఏమనాలో తోచలేదు. మాకూ తోచలేదు. మాలో ఇద్దరం ఆ మాట అన్యాయమని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఇప్పుడు పిల్లలను పెంచి చూసినాక అంత గట్టిగా అనలేకుండా ఉన్నాం.

తిరుపతిలో 1960లో వైద్య కళాశాల వచ్చింది, 1962లో రుయా ఆసుపత్రి వచ్చింది. మెల్లమెల్లగా కాన్పులు ఇళ్ళ నుంచి ఆసుపత్రికి మారాయి. రెండో పుస్తకంలో నెలకు పేజీ నిండేది, మూడో పుస్తకంలో ఏడాదికి పేజీ నిండదు. పని పోయిందని అవ్వ బాధపడుతుందేమో అనుకున్నాం. ఆమె చూలాళ్ళ వెంట ఆసుపత్రికి పోయి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. నువ్వెందుకవ్వా, అక్కడ డాక్టర్లున్నారు గదా అంటే, "చీటీ యాడ రాస్తారో నాకు తెలుసు, ఈ బిడ్డకు తెలీదు" అనేది. ఆఖరు కాన్పు 1980ల నడుమ, అదీ ఆటో రావడం ఆలస్యమై. ఆ పేజీలో "ఏడ్చింది" తర్వాత "ఆటో వచ్చింది" అని కూడా రాసి ఉంది.

లెక్కలు చెప్పమని మాలో ఒకరు, బడిపంతులు, పట్టుబట్టారు. చెప్పేస్తాం. 1946లో భోర్ కమిటీ నివేదిక ప్రకారం మన దేశంలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటి లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య లక్షకు 45. పాత లెక్కను లక్షకు మారిస్తే 2,000. ఆ దూరంలో డాక్టర్లున్నారు, మందులున్నాయి, రక్తనిధులున్నాయి, రోడ్లున్నాయి. బండి కట్టండి అన్న ముసలమ్మలూ ఉన్నారు.

ఈ పుస్తకాల కోసం జనం ఇంకా వస్తారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు గ్రామ మునసబు పుస్తకంలో ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు. 1984లో మునసబు, కరణం పదవులే పోయాయి, ఆ పాత కాగితాలు ఎవరికి ఏమి దొరికాయో ఎవరికి తెలుసు. పింఛను కోసం వయసు రుజువు కావాలని ఒకరు, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడిందని ఒకరు, మా వాకిట్లోకి వస్తారు. బడిపిల్లలు రాసిన పుస్తకం ఏ ఆఫీసులోనూ చెల్లదని చెబుతాం. అయినా చూపించమంటారు. వేలు పెట్టి చూసుకుంటారు. కిందటి ఏడాది ఒక పెద్దమనిషి వచ్చి, తన తల్లి పేరు చూసుకుని, పక్కన "ఏడ్చింది" అని ఉంటే, "నేనేనా?" అని అడిగి నవ్వాడు. మగబిడ్డ అని రాసి, ఏడ్చింది అని రాశాం. వ్యాకరణం మాకు అప్పటికి రాలేదు.

మొదటి పుస్తకం మొదటి పేజీ గురించి చెప్పి ముగిస్తాం. 1963లో శిక్షణ నుంచి వచ్చాక పుస్తకం కొని, మాలో పెద్దవాడిని కూర్చోబెట్టి, ఆ నెల కాన్పు రాయించకుండా, "మొదట ఇది రాయి" అని చెప్పి రాయించింది. అది తొమ్మిదేళ్ళనాటి కాన్పు. వాడు రాశాడు, ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత, మాలో 1954లో పుట్టినవాడు, అప్పటికి కాలేజీ చదువుతున్నాడు, ఏదో వెతుకుతూ ఆ పేజీ చూశాడు. తన తల్లి జ్వరంతో పోయిందనే అంతవరకు అతనికి చెప్పి ఉన్నారు. పుస్తకం తీసుకుని అవ్వ దగ్గరకు పోయాడు. ఆమె పెరట్లో చింతాకు దూస్తూ ఉంది. ఎదురుగా కూర్చుని పైకి చదివాడు. ఇప్పుడు చదువుతున్నాం, అతని అనుమతితోనే.

"1954 నవంబరు. మన ఇల్లు. తల్లి నా చిన్న కూతురు. మగబిడ్డ. ఏడ్చింది. తల్లి లేదు. పంపడం ఆలస్యం. చేసింది నేను."

అవ్వ చింతాకు దూయడం ఆపలేదట. నాకెందుకు చెప్పలేదు అని అడిగాడు. "నోటితో చెప్పను నాకు చేతకాలేదు నాయనా. నువ్వు చదవను నేర్చుకుంటావని తెలిసే రాయించినా" అన్నది. అతను చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత ఆమె చేట నిండితే, ఇంకొక చేట తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత పాతికేళ్ళు, ఆమె పోయేదాకా, అవ్వ అతని ఇంట్లోనే ఉంది.

పెద్దత్తకు ఆ పేజీ చూపించామా అంటే, చూపించాం, అవ్వ పోయిన తర్వాత. ఆమెకు మూడో తరగతి చదువు చాలింది. చదువుకుని పుస్తకం మూసి తిరిగి ఇచ్చింది, ఏమీ అనలేదు. మరునాడు సమాధి దగ్గరకు పోదాం బండి పిలవమన్నది.

మూడు పుస్తకాలూ వెలుపల వరండాలో బల్లమీద పెట్టి ఉంచాం, సభ అయ్యేదాకా ఉంటాయి. అలిపిరి దోవ, కపిలతీర్థం వైపు, కొర్లగుంట వైపు ఇళ్ళలో 1963 తర్వాత పుట్టినవాళ్ళు చూసుకోవచ్చు. పేజీలు మెల్లగా తిప్పమని మనవి. కాగితం పెళుసెక్కింది.